పైనుంచి కనబడని చేను

కుంజా యశోద తన సొంత చేనును మొదటిసారి ఆకాశంలోంచి చూసిన రోజున దాన్ని గుర్తుపట్టలేదు. ఆమెను తప్పు పట్టడానికి నోరు రాదు. గద్దలూ కొంగలూ తప్ప ములకలపల్లి అడవంచు చేలను పైనుంచి చూసిన వాళ్ళెవరున్నారు గనక? గట్టు మీద నిలబడిన మనిషికి అది చేను. పైన తిరిగే యంత్రానికి అది వట్టి రంగు. ఆ రంగు చూసి ఇది చేనా, అడవా అని తేల్చి చుట్టూ గీత గీసే పని, ఎక్కడా మనుషులు దొరకనట్టు, తిరిగి తిరిగి ఆమె చేతికే వచ్చింది.

యశోదది ములకలపల్లిలో ఆటో దిగి, వాగు దాటి, కంకర రోడ్డు అయిపోయాక కూడా ఇంకా నడవాల్సిన కోయగూడెం. తండ్రి సీతయ్య, తల్లి చిన్నక్క. వాళ్ళకు నాలుగెకరాల పోడు చేను ఉంది. ఉంది అంటే, సీతయ్య తాత నాడు పొదలు కొట్టి చేసుకున్నప్పటి నుంచి దున్నుకుంటున్నారు, తింటున్నారు. కాగితం మాత్రం లేదు. కాగితం లేని చేను ఎప్పుడు ఎవడొచ్చి సామాను బయట పడేస్తాడో తెలియని ఇల్లు లాంటిది. ఏటా తొలకరికి అడవి సిబ్బంది వచ్చి మొక్కలు నాటాలి, గుంతలు తవ్వుతాం అంటారు. చిన్నక్క వెళ్ళి ఆ గుంతల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. కేకలు, బెదిరింపులు, చివరికి ఎవరో పెద్దమనిషి మధ్యన పడటం. ఆ ఏటికి గండం గడుస్తుంది. పట్టా ఒక్కటి చేతికొస్తే ఈ బాధ తప్పుతుందని సీతయ్య పెళ్ళైన నాటి నుంచి ఎదురుచూస్తున్నాడు. ఆయనకు ఇంకో ఆశ లేదు.

ఆ చేను నిండా ఇప్పచెట్లు. సీతయ్య తాత పొదలు నరికాడు గానీ ఇప్పను ముట్టుకోలేదు. ఆ గూడెంలో ఎవరూ ముట్టుకోరు. నాగలి చెట్టు దగ్గరికి వచ్చేసరికి పక్కకు తిరుగుతుంది, చెట్టు దాటాక మళ్ళీ సాలులో పడుతుంది. కింద జొన్న, కంది. ఎండాకాలం వస్తే పైనుంచి పువ్వు. పంట పోయిన ఏళ్ళలో ఆ పువ్వే వండుకుని తిన్నారు, ఆ గింజల నూనెతోనే దీపం పెట్టుకున్నారు. చేను నడుమ చెట్టు వేల్పులది. ఏటా మొదటి పువ్వు దాని మొదట్లో పెట్టాకే మిగతాది ఇంట్లోకి వస్తుంది. వాగు కొడవలిలా వంగిన చోట చేలోనే ఒక పరుపుబండ ఉంది. యశోద చిన్నతనమంతా దాని మీద పువ్వు ఆరబోస్తూ, కోతులను తోలుతూ గడిచింది. సెల్‌ఫోన్లు వచ్చాక గూడెం మొత్తానికి సిగ్నల్ అందేది కూడా ఆ బండ ఎక్కితేనే.

ఆశ్రమ పాఠశాలలో చదివి, కొత్తగూడెంలో డిగ్రీ చేసి, అక్కడే ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతున్నప్పుడు యశోదకు ఆ శిక్షణ సంగతి తెలిసింది. గిరిజన పిల్లలకు కంప్యూటర్లో మ్యాపులు గీయడం నేర్పుతారట, నేర్చుకున్నాక ఉద్యోగం ఇస్తారట. ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకున్న ఏదో కంపెనీ. షాపు యజమానికి చెప్పకుండానే మానేసి చేరింది.

నేర్పే మనిషి జయరాజ్. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా లాంటిదే రోజూ వేసుకొచ్చేవాడు. "మా నాయిన భూమి లోపలికి దిగి పనిచేసిండు, నేను భూమిని పైకెల్లి చూస్తున్న. మా ఇంట్ల ఎవ్వరికీ భూమ్మీద పనే దొరకలే" అని నవ్వించేవాడు. నిజానికి బాగా చెప్పేవాడు. లోకంలో ఉన్నదంతా మూడే మూడు రకాలుగా గీయొచ్చని మొదటి రోజునే చెప్పాడు. చేతిపంపు ఒక చుక్క. రోడ్డు ఒక గీత. చేను చుట్టూ గీత తిరిగొచ్చి మొదలుతో కలిస్తే అది పాలిగాన్. రోడ్లన్నీ ఒక పొర, వాగులన్నీ ఒక పొర, చేలన్నీ ఒక పొర. పల్చటి పాలిథీన్ కవర్లు ఒకదాని మీద ఒకటి పరిచి పైనుంచి చూసినట్టు. ఆ పొరను లేయర్ అంటారు. భూమ్మీద ప్రతి చోటుకూ రెండు అంకెలుంటాయనీ, ఆ రెండూ చెబితే ఎక్కడున్నా దాన్ని పట్టుకోవచ్చనీ తెలిసిన రోజు యశోదకు నిద్ర పట్టలేదు.

ఆ వారం ఇంటికి పోయి, తండ్రిని వెంటబెట్టుకుని పరుపుబండ ఎక్కి, ఫోనులో ఆ రెండు అంకెలూ చదివి వినిపించింది.

"గివి ఈ బండవేనా?" అన్నాడు సీతయ్య. "మల్ల ఆ అవతలి బండకు?"

"దానికి వేరేవి నాయినా. ఒకదానివి ఇంకోదానికి రావు."

"మంచిదే బిడ్డా. పేరు లేని బండలకు గూడ పేర్లు వెట్టిండ్రు" అని ఆయన మురిసిపోయాడు. అదే సంబరంలో ఆమెచేత ఆ అంకెలను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. అలా చెప్పీ చెప్పీ అవి యశోదకు నోటికొచ్చేశాయి.

ఇంత తెలిసిన పిల్ల మరి ఎలా మోసపోయిందంటే, ప్రాక్టీసు అనే మాటకు మోసపోయింది.

శిక్షణ చివర్లో జయరాజ్ ఒక్కొక్కరికి ఒక్కో పాత ఫోటో ఇచ్చాడు. రెండు వేల ఐదులో ఉపగ్రహం తీసిన ముక్కలు. ఊరి పేరు లేదు, మండలం పేరు లేదు, ఒక నంబరు మాత్రం ఉంది. అందులో అడవి ఏదో, సాగు ఏదో విడదీసి గీయాలి.

"ముద్దముద్దగ పచ్చగ ఉంటే అడవి" అన్నాడు జయరాజ్. "మట్టి రంగు, సాళ్ళు సాళ్ళుగ ఉంటే సాగు. డౌటొస్తే ఆలోచించకుండ్రి, అడవి కిందనే వెయ్యిండ్రి. ప్రాక్టీసే గద, మీ చెయ్యి తిరగాలె, అంతే."

యశోద ఫోటోలో ఒక వాగు కొడవలిలా వంగి ఉంది. దాని ఒడిలో గుండ్రటి పచ్చని ముద్దలు, ముద్దల సందుల్లో ఇంకాస్త లేత పచ్చ. ఒక మూల తెల్లటి చుక్క. ఆ ముద్దలు ఇప్పచెట్ల తలలు. ఆ లేత పచ్చ జొన్న. ఆ తెల్ల చుక్క తాను పువ్వు ఆరబోసిన బండ. మౌసు కదిలినప్పుడల్లా స్క్రీను అడుగున రెండు అంకెలు మారుతూనే ఉన్నాయి, తెల్ల చుక్క మీదికి వచ్చినప్పుడు ఆ అంకెలు ఆమెకు నోటికొచ్చిన అంకెలే. ఆమె అటు చూడనే లేదు. గీత వంకర పోకూడదు, ఆ ధ్యాసలో ఉంది. అక్కడ సాగేమో అని ఒక్క క్షణం అనిపించింది గానీ, డౌటొస్తే అడవి అని సారు చెప్పాడు కదా. వాగు వంపు వెంట నున్నగా గీత తిప్పుకొచ్చి, మొదలుకు కలిపి, పచ్చ రంగు నింపింది.

"చూడుండ్రి, యశోద గీత ఎంత సాఫ్‌గ ఉన్నదో. ఒంపు ఒంపుకు పాయింట్ వెట్టింది" అని జయరాజ్ అందరినీ పిలిచి చూపించాడు. పక్క కుర్చీలోని గ్రేస్ చప్పట్లు కొట్టింది. యశోద సిగ్గుపడింది. ఆ సిగ్గు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం వచ్చింది. ఆ చలికాలంలోనే పోడు పట్టాల సర్వే కూడా వచ్చింది. గూడెం పిల్ల, పని తెలిసిన పిల్ల అని ఆమెనే సర్వేకు పంపారు. సీతయ్య ఆ రోజు పొద్దున్నే తానం చేసి, తెల్ల తుండు భుజాన వేసుకుని, కూతురి ముందు నడిచాడు. ఆయన గట్టు చూపిస్తుంటే ఆమె ఫోను పట్టుకుని చేను చుట్టూ తిరిగొచ్చింది. తిరిగి బయల్దేరిన చోటికి రాగానే ఫోనులో గీత కలిసింది. "అయిపోయిందా? ఇంతేనా?" అన్నాడు సీతయ్య. తాతల నాటి పంచాయితీ ఇంత సులువుగా తీరుతుందని ఆయన అనుకోలేదు. చిన్నక్క ఇద్దరికీ ఇప్పపువ్వు ఉడకబెట్టి పెట్టింది.

పట్టాలు వచ్చాయి. సీతయ్యకు రాలేదు. పక్క చేను వీరబాబుకు వచ్చింది. వీరబాబు చిన్నక్కకు తమ్ముడు, యశోదకు మేనమామ. ఆయన రెండు వేల ఐదుకు చాలా ముందే తన చేనును తల్లాడ వైపు నుంచి వచ్చిన ఒక ఆసామికి పత్తి వేసుకోమని కౌలుకిచ్చాడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని ఆ ఆసామి ఇప్పచెట్లన్నీ కొట్టించాడు. ఆనాడు గూడెమంతా వీరబాబును తిట్టిపోసింది. సీతయ్యైతే ఏడాది పాటు బామ్మర్దితో మాట్లాడలేదు. ఆ బోడి చేనే ఆనాటి ఫోటోలో సాళ్ళు సాళ్ళుగా, ముద్దొచ్చేలా కనబడింది.

యశోద సెలవు పెట్టి మండలంలో అర్జీలు చూసే ఆఫీసుకు పోయింది. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. కంప్యూటర్ ఆమె వైపు తిప్పి చూపించాడు. పైన ఆమె ఫోనుతో నడిచి గీసిన గీత. కింద ఇంకో పొర, దాని నిండా పచ్చ రంగు.

"రెండు వేల ఐదు డిసెంబరుకు ముందు నుంచి సాగుల ఉండాలమ్మా, చట్టం గది. ఫోటోల చూస్తే ఆనాటికి ఇది అడవే. ఏం చేస్తం చెప్పు?"

యశోదకు ఆ మాటలు చెవికెక్కలేదు. ఆమె ఆ పచ్చని పొర అంచు చూస్తోంది. వాగు వంపు వెంట నున్నగా, ఒంపు ఒంపుకు ఒక చుక్క. తాను కుట్టిన రవికె ఇంకొకరి ఒంటి మీద చూస్తే కుట్టుపని మనిషికి తెలియదూ! ఆమెకు అలాగే తెలిసింది. ఆ అంచు పక్కనే తెల్ల చుక్క కూడా ఉంది. ఇప్పుడు అది బండలాగే కనబడుతోంది. అప్పుడెందుకు కనబడలేదో ఆ దేవుడికే తెలియాలి.

కొత్తగూడెం బస్సు దిగి తిన్నగా జయరాజ్ దగ్గరికి పోయింది.

"సార్, అది ప్రాక్టీసే అన్నరు గదా."

జయరాజ్ మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పైనోళ్ళు టైమ్ లేదన్నరు యశోదా. మీరంత మంచిగ గీసి ఉంటిరి. మల్ల మొదట్నుంచి ఎందుకని గవే పంపిన."

"డౌటొస్తే అడవి కింద వెయ్యమన్నది మీరు."

"అవ్. నేనే అన్న."

"మార్చుండ్రి మరి."

"ఆ లేయర్ లాక్ చేసిండ్రమ్మా. నా చేతుల లేదు. అప్పీలు వెట్టుకోమను మీ నాయినను."

ఆయన గొంతులో బాధ నిజమైనదే. కానీ ఆ బాధ వల్ల ఒక్క చుక్క కూడా జరగలేదు. తన తప్పుకు తనే బాధపడి, ఆ సాయంత్రం టీ తాగి, ఇంటికి పోగలిగే మనుషులు ఉంటారు. యశోదకు ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం గుంతలు తవ్విన వాళ్ళ మీద కూడా ఎప్పుడూ రాలేదు. ఆయన కంటే తన చేతి మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

తండ్రికి దాచలేదు. పరుపుబండ మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. గీసింది తానేనని కూడా చెప్పింది. సీతయ్య కోప్పడితే బాగుండేది. ఆయన తలెత్తి ఆకాశం చూశాడు.

"అయితే పైకెల్లి చూస్తే మన చేను కనవడదా బిడ్డా?"

"చెట్లే కనవడ్తయ్ నాయినా. చేను వాటి కింద పోయింది."

"వీరబాబుది కనవడ్డది."

"మామ చేన్ల చెట్లు లేవు గద."

సీతయ్య వీరబాబు చేను వైపు చూశాడు. తర్వాత, "అప్పీలు వెడితే మల్ల చూస్తరా?" అన్నాడు.

"చూస్తరు. కాని నాయినా, వాళ్ళు చూసేది పాత ఫోటో. ఆనాటిది."

"పాత ఫోటో పాతదే. కొత్తది దియ్యరా ఏంది?"

"కొత్తవి తీస్తనే ఉంటరు. గవి వేరే పనికి."

ఆయన తల ఊపాడు. కొత్తవి తీస్తూనే ఉంటారు అన్న మాటను పట్టుకున్నాడు. మిగతాది విన్నాడో లేదో. ఏ మనిషికైనా పాత ఫోటో బాగా రాకపోతే కొత్తది దిగడమే తెలుసు. చచ్చిపోయిన ఒక డిసెంబరు నెల తన చేనును పట్టుకుని వదలదన్న సంగతి ఆయనకెలా తట్టాలి? యశోద ఇంకా విడమర్చి చెప్పేదే, ఆటో వెళ్ళిపోతుందని కింది నుంచి ఎవరో కేకేశారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి పరుగెత్తింది.

ఉద్యోగం మానేద్దామనుకుంది. మానలేదు. తాను మానేస్తే ఆ కుర్చీలో ఇప్పచెట్టంటే ఏమిటో తెలియని వాళ్ళు కూర్చుంటారు, ఇంకో నలుగురి చేలు అడవిలో కలిసిపోతాయి అనుకుంది. అనుకున్నట్టే, అనుమానం వచ్చిన ప్రతిచోటా గీయకుండా వదిలేసి, "చెట్లున్న చేను కావచ్చు, పోయి చూడాలి" అని పక్కన రాసి పంపేది. పైవాళ్ళు వాటిని తిప్పి పంపేవారు. ఆమె మళ్ళీ అదే రాసేది. సీతయ్య పెట్టుకున్న అప్పీలు మీద ఏ కబురూ లేదు.

ఎండాకాలం పోయి తొలకరి రాబోతుండగా కంపెనీకి కొత్త పని వచ్చింది. పోయినేటి ఫోటో మీద ఈ ఏటి ఫోటో వేస్తే, మధ్యలో చెట్లు పోయిన చోటల్లా ఎర్రగా వస్తుంది. ఆ ఎరుపు చుట్టూ గీత గీసి పంపాలి. అవి నేరుగా అడవి ఆఫీసుకు పోతాయి. వాళ్ళు వచ్చి చెట్లు కొట్టిన మనిషి మీద కేసు పెడతారు, చేను చుట్టూ కందకం తవ్వి స్వాధీనం చేసుకుంటారు. ఇందులో అర్జీ లేదు, అప్పీలు లేదు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి యశోద తన వంతు ఫోటో తెరిచింది. వాగు కొడవలిలా వంగి ఉంది. దాని ఒడి అంతా ఎరుపు. ఒక మూల తెల్ల చుక్క. ఎరుపు నడుమ ఒంటరిగా ఒకే ఒక పచ్చని ముద్ద.

ఈసారి గుర్తుపట్టింది. అయినా మనసు ఒప్పక మౌసును తెల్ల చుక్క మీద పెట్టి స్క్రీను అడుగున చూసింది. తండ్రికి చెప్పీ చెప్పీ నోటికొచ్చిన ఆ రెండు అంకెలే.

వెనక నుంచి జయరాజ్ వంగి చూశాడు. "గదేదో పెద్దగనే ఉన్నది యశోదా. గీసెయ్యమ్మా, సాయంత్రం లోపల పంపాలె." ఆయన గుర్తుపట్టలేదు. ఆయనకెందుకు గుర్తుంటుంది? ఆమె గీయకపోతే పక్క కుర్చీలో గ్రేస్ గీస్తుంది. గ్రేస్ గీయకపోయినా ఆ ఎరుపు అక్కడి నుంచి పోదు.

యశోద వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది. ఒక్క రింగుకే సీతయ్య ఎత్తాడు. ఎత్తాడంటే బండ మీదే ఉన్నాడన్నమాట. లోపల స్క్రీను మీద తాను మౌసు పెట్టి వచ్చిన ఆ తెల్ల చుక్క మీద, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఎండలో నిలబడి ఉన్నాడు.

"నాయినా, చెట్లు కొట్టినవా?"

"ఆహా! నీకు చెప్పకముందే తెల్సిందా!" సీతయ్య గొంతులో పండగ. "అయితే పైకి అవుపడ్డట్టేగా! మీ అమ్మతోని అంటనే ఉన్న, నా బిడ్డకు తెలుస్తది చూడు అని. పువ్వు ఏరుడు అయినంక మొదలువెట్టిన. మీ మామ రంపం ఇచ్చిండు. మీ అమ్మ ఒక్కొక్క చెట్టుకు పసుపు రాసి ఏడ్చింది గని, నేనే సముదాయించిన. పట్టా వస్తె మల్ల పెట్టుకుందం తియ్ అని."

కేసు అనే మాట యశోద నోటి దాకా వచ్చింది.

"ఇప్పుడు కనవడ్తుందా బిడ్డా మన చేను?"

"కనవడ్తుంది నాయినా."

"మంచిగనా?"

"అవ్. మంచిగ కనవడ్తుంది."

సీతయ్య గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు ఫోనులో వినిపించింది. తర్వాత ఏదో తప్పు చేసి దొరికినవాడిలా గొంతు తగ్గించాడు.

"నడుమ ఒక్కటి ఉంచిన, వేల్పులది. గొడ్డలి వెట్ట చేతులు రాలే. గది గూడ అడ్డమైతే చెప్పు బిడ్డా, రేపు పొద్దుగాల్నే తీసేస్తా."